మూడో పన్ను వంపు

బందరు చిలకలపూడిలో రోల్డుగోల్డు పని చేసే ఇల్లు ఏదని అడిగితే చేయెత్తి చూపించని వాడుండడు. అక్కడ ఏ గుమ్మం ముందు నిలబడ్డా గాజుల చప్పుడే. ఆ వీధిలోనే నలభై ఏళ్ళు ఇత్తడి గాజులకు బంగారు పూత పూసి, కళ్ళు మసకబారాక ఆ పనికి దండం పెట్టేసిన లక్కోజు వీరభద్రాచారి మాత్రం, అరవై ఆరో ఏట తన అరుగు మీద కూర్చుని, ఎవరూ చెయ్యని పని ఒకటి పెట్టుకున్నాడు. పాత సేఫ్టీ రేజర్లు బాగుచేస్తాడు.

ఇవాళ్టి రోజున గడ్డం గీసుకోవడానికి నాలుగు రోజులు వాడి పారేసే ప్లాస్టిక్ సరుకు బోలెడు దొరుకుతుంది. అయినా ఊళ్ళో కొందరు పెద్దవాళ్ళు తమ ఇత్తడి రేజర్లను వదలరు. ఒక బరువైన పిడి, దాని నెత్తిన దువ్వెనలాంటి పళ్ళున్న రేకు, ఆ పైన మూత, మధ్యలో బ్లేడు. అంతే దాని సంసారం. పట్టు తప్పి గచ్చు మీద పడితే ఒక పన్ను వంగుతుంది. పన్ను వంగినచోట చర్మం ఎగదన్ని బ్లేడుకు తగులుతుంది. అప్పుడు ఆచారి కావాలి. ఆయన కంటికన్నా గోటిని నమ్ముకుని, తోలు చుట్టిన పట్టకారుతో ఆ పన్నును ఎంత మెల్లగా నిలబెడతాడంటే, అది తను ఎప్పుడైనా వంగినట్టు తనకే గుర్తుండదు.

ఆయనకొక అలవాటుంది. రేజరు చేతికి రాగానే పొడుగాటి నోటుపుస్తకంలో దాని బొమ్మ వేసి, దెబ్బ ఎక్కడ తగిలిందో బాణం గుర్తు పెట్టి, పక్కన రాసుకుంటాడు. 'ఎడమ నుంచి రెండో పన్ను, లోపలికి, వెంట్రుక మందం.' ఎవరి రేజరు ఎవరికిచ్చేస్తానో అన్న భయం తప్ప అందులో వేరే ఉద్దేశం లేదు. అప్పటికి ఆ పుస్తకంలో నలభై రెండు రేజర్ల బొమ్మలున్నాయి.

ఆరో తారీకు గురువారం పొద్దున్న దేవదానం మాస్టారు గుడ్డసంచి పట్టుకుని అరుగెక్కాడు. డ్రాయింగు మాస్టారుగా రిటైరైన మనిషి, డెబ్బై ఎనిమిదేళ్ళవాడు. ఎప్పుడూ నున్నగా ఉండే ఎడమ చెంప మీద ఎర్రగా ఒక గీత కనిపిస్తోంది.

"కొంప మునిగిందండీ ఆచారిగారూ. మొన్న మంగళవారం పొద్దున్న ఏడున్నరకి చేతిలోంచి జారి బాత్రూము గచ్చు మీద పడింది. చూసుకోకుండా గీసుకున్నాను. ఇదిగో, చెంప తెగింది."

ఆచారి రేజరు అందుకుని వెలుగులోకి తిప్పాడు. మూడో పన్ను బయటికి వంగింది. పది నిమిషాల పని.

"ఇదెంతండీ! కానీ ఇవాళ అమావాస్య. మా వాళ్ళం పనిముట్టు ముట్టం. రేపు సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళండి."

"ఇరవై మూడో తారీకు ఆదివారానికి చేతిలో ఉండాలండి. ఆ రోజుకి మా పెళ్ళై యాభై ఏళ్ళు. చర్చిలో మళ్ళీ ఇద్దరినీ నిలబెట్టి ప్రార్థన చేస్తారంట. మా రాహేలు యాభై రెండేళ్ళ కింద నర్సుద్యోగంలో చేరి, మొదటి జీతంతో కొనిచ్చిందిది. అప్పటికింకా మా పెళ్ళి కాలేదు. పెళ్ళికి దీంతోనే గీసుకున్నాను, ఈ పండక్కీ దీంతోనే గీసుకుంటానని మాటిచ్చేశాను."

మాస్టారి చేతులు కొద్దిగా వణుకుతాయి. తేలికపాటి ప్లాస్టిక్ది పట్టుకుంటే చెంప మీద అది గంతులు వేస్తుంది. ఈ ఇత్తడి బరువు ఉంటే చెయ్యి కుదురుగా ఉంటుంది. ఆ సంగతి ఆచారికి చెప్పకుండానే తెలుసు. పదిహేడు రోజులున్నాయి, పదిహేడు నిమిషాలు కూడా పట్టదు, నిశ్చింతగా వెళ్ళమన్నాడు. పాపం, ఆ మాట అన్నప్పుడు ఊళ్ళో కొత్తగా వెలసిన ఆఫీసు ఆయన లెక్కలో లేదు.

ఆ ఆఫీసు పేరు నిత్యోపకరణ వారసత్వ పరిరక్షణ మండలి. యాభై ఏళ్ళు దాటిన ప్రతి వాడుక వస్తువూ వారసత్వ సంపద అనీ, దాని మీది గీత, సొట్ట, వంపు, తుప్పు అన్నీ చరిత్ర పెట్టిన సంతకాలనీ, ఆ సంతకాలు చెరిపినవాడు శిక్షార్హుడనీ దాని నియమావళి. ఊరు ఊరంతా ఆ నియమావళి మీద మోజు పడింది. సొట్ట గిన్నెలు అటక దిగి హాల్లో అద్దాల బీరువాల్లోకి చేరాయి. ఒక హోటలువాడు తన ఇడ్లీపాత్రకు మూడు సొట్టలున్నాయని బోర్డు కట్టి ప్లేటుకు పది రూపాయలు పెంచాడు. పెంచితే పెంచాడు గానీ, జనం ఆ సొట్టలు చూడటానికి వంటింట్లోకి తొంగి చూస్తూ ఇడ్లీలు చల్లారబెట్టుకున్నారు.

శుక్రవారం పొద్దున్న పేపర్లో ఆచారి ఫోటో పడింది. 'పాత రేజర్లకు కొత్త ప్రాణం' అని పైన శీర్షిక. ఆచారి ఇల్లాలు ఆ కాగితాన్ని దేవుడి గూట్లో పెట్టి ఇంకా అగరొత్తి వెలిగించనే లేదు, వీధిలో జీపు ఆగింది.

దిగినవాడు తటవర్తి విశ్వంభరం, మండలి ప్రాంతీయాధికారి. రెండు చేతులకూ తెల్లటి తొడుగులు. మెడలో భూతద్దం. నిజానికి మెత్తటి మనిషే. ఇంట్లో పిల్లినైనా గట్టిగా అదిలించి ఎరగడు. కానీ ఆఫీసు పని మీద నోరు తెరిస్తే మాత్రం మాట కాక ఉత్తర్వు వచ్చేది.

"ఇచ్చట పురావస్తువులయందు హస్తక్షేపము జరుగుచున్నట్లు మండలి దృష్టికి వచ్చినది" అన్నాడు.

"రేజర్లండి. బాగుచేస్తానండి" అన్నాడు ఆచారి, పట్టకారు కింద పెట్టి లేచి నిలబడుతూ.

"చేసి ఏమి సాధించితిరి? చరిత్ర వంచినదానిని మీరు తిన్నగా చేసితిరి. ఏదీ, ప్రస్తుతము హస్తక్షేపమునకు సిద్ధముగా ఉన్నది చూపుడు."

ఆచారి మాస్టారి రేజరు చూపించాడు. విశ్వంభరం భూతద్దం పెట్టి మూడో పన్నును చాలాసేపు చూశాడు. చూస్తున్న కొద్దీ ఆయన ముఖంలో భక్తి పెరిగింది.

"ఈ వంపు ఏ కాలము నాటిది?"

"మొన్న మంగళవారం నాటిదండి. పొద్దున్న ఏడున్నర."

"ఆధారము?"

"మాస్టారు చెప్పారండి. గచ్చు మీద పడిందంట."

"కేవలము జనశ్రుతి" అని విశ్వంభరం జాలిగా నవ్వాడు. "ఈ ఒంపు తిరిగిన తీరు గమనించితిరా? అలల కదలిక స్ఫురించుట లేదూ? ఓడల వ్యాపార కాలమునాటి లోహశైలి ఇది. డచ్చివారు ఈ రేవున దిగి ఎంత కాలమైనది?"

"మూడొందల ఏళ్ళు దాటిందని చెప్తారండి."

విశ్వంభరం ఫారం మీద రాసుకున్నాడు. 'వంపు వయస్సు: మూడు వందల సంవత్సరములు.' తర్వాత తలెత్తి రేజరు వయస్సెంతని అడిగాడు. యాభై రెండని ఆచారి చెప్పాడు. అది కూడా అదే పెన్నుతో, అదే చేతి రాతతో, కింది గడిలో రాశాడు.

"అయ్యా, రేజరు కన్నా దాని వంపు ముందు పుట్టిందాండీ?"

"అది నిపుణుల సంఘము చూచుకొనును. మీరు చేతిపనివారు, మీరు కలవరపడవలదు."

రేజరు దూది పరుచుకుని ప్లాస్టిక్ కవర్లోకి వెళ్ళింది. కవరు మీద లక్క ముద్ర పడింది. వెళ్ళబోతూ విశ్వంభరం కళ్ళు నోటుపుస్తకం మీద పడ్డాయి. తెరిచి చూసి, నిధి దొరికినట్టు గుండెలకు హత్తుకుని, దాన్ని కూడా జీపెక్కించాడు.

ఆ పుస్తకం ఎందుకు పట్టుకెళ్ళాడో మంగళవారం నోటీసు వచ్చాక తెలిసింది. 'మీ స్వహస్త లిఖిత ఒప్పుకోలు ప్రకారం మీరు ఇంతవరకు నలభై రెండు చారిత్రక నష్టములను నిర్మూలించియున్నారు. సదరు నష్టములను అదే పుస్తకములోని కొలతల ప్రకారం, అవే రేజర్లయందు, ఈ నెలాఖరులోగా యథాతథముగా పునరుద్ధరించవలెను. ఇందుకుగాను మిమ్ములను గౌరవ నష్టపునరుద్ధరణ నిపుణునిగా నియమించడమైనది.' నోటీసుతోపాటు ఒక శాలువా కూడా పంపారు.

ఆ రోజు ఆచారికి అన్నం సయించలేదు. ఇత్తడి పన్ను ఒకసారి వంగితే ఓర్చుకుంటుంది, ఒకసారి నిలబెడితే నిలబడుతుంది. రెండోసారి వంచితే పుటుక్కున విరుగుతుంది. అంటే నలభై రెండు రేజర్లూ పాడు. దానికి తోడు పాడుచేసేది తన చెయ్యి. బతికినన్నాళ్ళూ చేతిలోకి వచ్చిన వస్తువు వచ్చినప్పటికన్నా మేలుగా వెళ్ళాలని పనిచేసినవాడికి, ఈ వయసులో సుత్తి పుచ్చుకుని సొట్టలు కొట్టమంటే ఏడుపు రాక ఏమొస్తుంది? ఆయన నిజంగానే ఏడ్చాడు. ఇల్లాలు ఆ శాలువా మడతపెట్టి కుట్టుమిషను మీద కప్పింది.

పులి మీద పుట్రలాగా ఊళ్ళో వాళ్ళు ఆయన అరుగు ముందు క్యూ కట్టారు. నోటీసు సంగతి పేపర్లో రావడం, ఒక్క నష్టమైనా లేనిదే వారసత్వ ధ్రువపత్రం ఇవ్వరని తెలియడం ఒకేసారి జరిగాయి. బియ్యం మిల్లు ఆసామి ఒకడు తాతగారి నాటి వెండి రేజరు తెచ్చి పెట్టాడు.

"దీనికి సొట్టనేదే లేదండీ ఆచారిగారూ. ఇంటికొచ్చినవాళ్ళు అడుగుతుంటే తలెత్తుకోలేకపోతున్నాను. చిన్నది చాలు, నలుగురికీ కనిపించేలా ఒక్కటి కొట్టిపెట్టండి."

"నా వల్ల కాదండి" అని ఆచారి చేతులు జోడించాడు. ఆ మిల్లు ఆసామి మనసు నొచ్చుకుని, ఇంటికి వెళ్ళి తనే రోకలితో కొట్టుకున్నాడట. సొట్ట రేజరుకు కాక బొటనవేలికి పడింది.

ఇటు మాస్టారి సంగతి వేరే. బుధవారం భార్యాభర్తలిద్దరూ మండలి ఆఫీసుకు వెళ్ళారు. నా వల్లనే మీకింత కష్టం అంటూ ఆచారి కూడా వెంట వెళ్ళాడు. రేజరు ఇవ్వడం కుదరదనీ, సొంతదారు ప్రతి బుధవారం పదకొండు నుంచి పన్నెండు దాకా అద్దంలోంచి చూసుకోవచ్చనీ విశ్వంభరం చెప్పాడు. మాస్టారు వెళ్ళి అద్దంలోంచి చూసుకున్నాడు. అటూ ఇటూ తిరిగి ఆ అద్దంలోనే తన గడ్డం కూడా చూసుకుని, నిట్టూర్చి వచ్చాడు.

రాహేలమ్మ ముప్పై ఆరేళ్ళు ఆసుపత్రి వార్డులను కంటిచూపుతో నడిపిన మనిషి. టేబులు మీద చెయ్యి ఆనించి వంగింది.

"యాభై ఏళ్ళు దాటిందల్లా మీదేనా బాబూ?"

"సందేహము లేదమ్మా. వాడుకలో ఉండి, నష్టము కలిగియుండిన చాలును."

"అయితే ఈయనకి డెబ్బై ఎనిమిది. ఇంకా వాడుకలోనే ఉన్నాడు. చెంప మీద గాటుంది. ఈయన్ని కూడా కవర్లో పెట్టి, లక్క అంటించి, మీరే ఉంచుకోండి!"

ఆవిడ కోపంతో అన్నది. విశ్వంభరం మాత్రం రిజిస్టరు తెరిచాడు. నియమావళి నాలుగుసార్లు తిరగేశాడు. వస్తువు అనగా ప్రాణము లేనిదే కావలెనని అందులో ఎక్కడా లేదు. పదిహేను నిమిషాల్లో మాస్టారు నూట పద్దెనిమిదో నంబరు వారసత్వ వస్తువయ్యాడు. 'నష్టము: ఎడమ చెంపపై అంగుళము పొడవు గీత' అని రాసుకుని, ఆ గీతకు మందు రాయరాదని రాహేలమ్మకు రసీదు ఇచ్చారు. ఆవిడ ఆ రసీదు చించి, అదే సాయంత్రం గాటుకు మందు రాసింది.

అయితే ఈ నమోదు వల్ల ఒక మేలు జరిగింది. జతవస్తువులను విడదీయరాదని నియమావళిలో ఇంకో చోట ఉంది. సన్నికల్లూ పొత్రమూ ఎలాగో, మాస్టారూ రేజరూ అలాగని తేల్చి, గురువారం రేజరును ఆయన ఇంటికే పంపించారు. సంప్రదాయ రీతిన దినశుద్ధి, అంటే గడ్డం గీసుకోవడం, చేసుకోవచ్చు గానీ వంపు జోలికి పోరాదని షరతు. మాస్టారు ఆశ చంపుకోలేక, మూడో పన్నును తప్పించి గీసుకుందామని చూశాడు. చెయ్యి వణికింది. కుడి చెంప తెగింది.

శుక్రవారం తనిఖీకి వచ్చిన విశ్వంభరం ఆ రెండో గాటు చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"నమోదిత వస్తువు నూట పద్దెనిమిదికి, నమోదిత వస్తువు నూట పదిహేడు వలన, అనుమతి లేని నష్టము వాటిల్లినది! మండలి చరిత్రలో ఇట్టిది జరుగలేదు."

మండలి పుట్టి నాలుగు నెలలే అయిందన్నది వేరే మాట. ఇరవై రెండో తారీకు శనివారం విచారణ అనీ, అంతవరకూ గడ్డం గీయరాదనీ ఆర్డరు వేశాడు. మాస్టారు పట్టుదల చంపుకుని సెలూనుకు వెళ్ళాడు. సెలూనతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ప్రభుత్వం గడ్డమండీ మాస్టారూ అది! నేను కత్తి పెడితే రేపు నా షాపు మూయిస్తారు."

రోజులు గడుస్తున్న కొద్దీ మాస్టారి గడ్డం తెల్లగా మాసింది. చర్చిలో పాటలు పాడే వాళ్ళలో వెనక వరసకు జరిగాడు. ఒక సాయంత్రం ఆచారి అరుగు మీదికి వచ్చి కూర్చుని, "ఆవిడ కొత్త చీర కొనుక్కుందండీ" అన్నాడు. ఆచారి, అమావాస్యనాడైనా సరే ఆ పది నిమిషాల పని చేసి పారేసి ఉంటే సరిపోయేదని తన్ను తాను తిట్టుకున్నాడు.

శనివారం వచ్చింది. ఏడుగురు నిపుణులు పొడుగాటి బల్ల వెనక కూర్చున్నారు. బల్ల మీద ఒక పక్క రేజరు, ఇంకో పక్క కుర్చీలో మాస్టారు. ఇద్దరి మెడలోనూ నంబరు చీట్లు వేలాడుతున్నాయి. ఆచారిని సాక్షిగా పిలిచారు. ఎందుకైనా మంచిదని ఆయన పట్టకారు సంచిలో వేసుకుని వచ్చాడు.

సంఘం అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "రెండు వారసత్వ వస్తువులు పరస్పరము విభేదించినపుడు, వయస్సున చిన్నది పెద్దదానికి లోబడవలెనని సంఘము భావించుచున్నది. మానవ వస్తువు వయస్సు డెబ్బది ఎనిమిది. రేజరు వయస్సు యాబది రెండు. కావున రేజరు లోబడవలెను."

ఆచారి ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే బల్ల చివరి నిపుణుడు వేలెత్తాడు.

"అధ్యక్షా, హాని చేయుచున్నది రేజరు కాదు, వంపు. వంపు వయస్సు మూడు వందలు. కావున మానవ వస్తువే వంపునకు లోబడవలెను."

"అది ఎట్లు సాధ్యము?"

"చెంపయందు ఆ వంపునకు సరిపడు చిన్న పల్లము ఏర్పాటు చేసినచో రెండును సామరస్యముగా ఇమిడిపోవును."

నిపుణులు తలలు పంకించారు. ఒకరు కొలబద్ద కూడా తీశారు. రాహేలమ్మ గబుక్కున లేచింది. ఆవిడ చేతిలో గొడుగుంది, ఆ గొడుగుతో ఏం చేసేదో గానీ, ఆచారి ముందుకొచ్చి అడ్డం నిలబడ్డాడు. బతుకులో ఎప్పుడూ పదిమంది ముందు నోరు విప్పని మనిషి.

"అయ్యా, చదువుకోనివాణ్ణి. నాకో సందేహమండి. రేజరుకి యాభై రెండేళ్ళు, వంపుకి మూడొందల ఏళ్ళు. మరి ఈ రేజరు పుట్టక ముందు రెండొందల నలభై ఎనిమిదేళ్ళు ఆ వంపు ఎక్కడుందండి?"

బల్ల వెనక నిపుణులు విశ్వంభరం వైపు తిరిగారు. విశ్వంభరం తన ఫారం తీసి మళ్ళీ చదువుకున్నాడు. రెండు గడుల్లోనూ తన చేతి రాతే.

"ఎక్కడో ఉండే ఉంటుంది గదండి" అని ఆచారి తనే అందించాడు. "ఇన్నేళ్ళూ ఎక్కడెక్కడో తిరిగి, మొన్న మంగళవారం పొద్దున్న ఏడున్నరకి వచ్చి దీని మీద కూర్చుంది. అంటే ఆ వంపు దీనిది కాదండి. అద్దెకు దిగింది. అద్దెకున్నవాళ్ళని ఖాళీ చేయిస్తే ఇల్లేం పడిపోదు గదండి. మీ వంపు మీరు తీసేసుకోండి. మాస్టారి రేజరు మాస్టారికిచ్చెయ్యండి."

ఏడుగురూ తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుకున్నారు. నియమావళి తెచ్చారు. జత కాని వస్తువులను కలిపి ఉంచుట వారసత్వ అపచారమని పదిహేడో నియమంలో దొరికింది. అధ్యక్షుడి ముఖం వెలిగిపోయింది.

"సంఘము తీర్మానించుచున్నది. సదరు వంపు స్వతంత్ర పురావస్తువు. దానిని రేజరునుండి ఏమాత్రము నలగకుండ వేరుచేసి, కవరునందుంచి, రసీదు పొంది, మండలికి దఖలు పరచవలెను. ఇందుకు సమర్థులెవరు?"

ఆచారి సంచిలోంచి పట్టకారు తీశాడు.

నేల మీద చతికిలబడి, రేజరు విప్పి, పళ్ళ రేకును పిడికిట్లో పెట్టుకుని కాసేపు ఊరుకున్నాడు. లోహానికి ఒంటి వెచ్చదనం తగలాలి. మూడో పన్ను పక్కన పల్చటి కర్రముక్క ఇరికించి, తోలు చుట్టిన పట్టకారుతో పట్టి, ఊపిరి బిగబట్టి, నువ్వుగింజంత ఒత్తాడు. మళ్ళీ వదిలాడు. మళ్ళీ ఒత్తాడు. విరిగితే ఇంక అతకదు. ఏడుగురు నిపుణులూ బల్ల మీద నుంచి వంగి, వంపు ఎటు నుంచి బయటికొస్తుందో అని రెప్పవేయకుండా చూస్తున్నారు. విశ్వంభరం కవరు మూతి తెరిచి, కింద దోసిలిలాగా పట్టుకున్నాడు. పది నిమిషాలకు ఆచారి బొటనవేలి గోటిని పళ్ళ మీదుగా ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించాడు. ఎక్కడా తగల్లేదు.

"వచ్చేసిందండి" అన్నాడు.

విశ్వంభరం గబాలున కవరు మూతి నొక్కి లక్క వేశాడు. వెలుగుకెత్తి చూశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందు వంపు పూర్తిగా ఉన్నట్లు ధ్రువీకరించుచున్నారా?"

పని విషయంలో ఆచారి ఎన్నడూ అబద్ధమాడలేదు. ఇప్పుడూ ఆడదలుచుకోలేదు. "నేను తీసిందంతా అందులోనే ఉందండి" అన్నాడు.

రసీదు ఇచ్చారు. రేజరు మాస్టారి చేతిలో పెట్టారు. దానితోపాటు, ఇదివరకు తీసిన నలభై రెండు వంపులు, సొట్టలు కూడా స్వతంత్ర పురావస్తువులే కాబట్టి, రేజర్లను మళ్ళీ వంచాల్సిన పనిలేదనీ, వాటిని తెచ్చి దఖలు పరిస్తే చాలుననీ ఇంకో కాగితం ఇచ్చారు. అవి భద్రంగా ఉన్నాయా అని విశ్వంభరం ఆందోళనగా అడిగాడు.

"ఇంట్లోనే ఎక్కడో ఉంటాయండి. ఆ నోటుపుస్తకం ఇప్పిస్తే పేరు పేరునా కవర్లలో పెట్టి, సోమవారానికి తెచ్చేస్తాను" అన్నాడు ఆచారి. అన్నట్టే తెచ్చిచ్చాడు. ఇప్పుడు మండలి మేడ మీద వంపుల గ్యాలరీ అని ఒక పెద్ద గది ఉంది. అద్దాల వెనక నలభై మూడు కవర్లు. బడిపిల్లలను వరసగా తీసుకెళ్ళి చూపిస్తారు. ముట్టుకోకూడదు.

విచారణ మర్నాడు, ఆదివారం పొద్దున్న, చర్చి నిండిపోయింది. మాస్టారు తెల్లటి బట్టల్లో ముందు నిలబడ్డాడు. తొమ్మిది రోజుల గడ్డం పోయి రెండు చెంపలూ నున్నగా మెరుస్తున్నాయి. పక్కన కొత్త చీరలో రాహేలమ్మ. చర్చికెప్పుడూ రాని ఆచారి చెప్పులు బయట విడిచి, ఆఖరి బెంచీ చివర ఒదిగి కూర్చున్నాడు.

ప్రార్థన ముగిసి అందరూ లేస్తుండగా విశ్వంభరం రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చాడు. దినశుద్ధి తరువాత నమోదిత వస్తువు స్థితిని పరిశీలించడం ఆయన విధి. తొడుగు వేసుకున్న చెయ్యి మాస్టారి చెంప వైపు చాచాడు. రాహేలమ్మ ఆ చెయ్యి పట్టుకుని మర్యాదగా పక్కకు పెట్టింది.

"మీరుండండి బాబూ. యాభై ఏళ్ళ నుంచి చూసుకుంటున్నదాన్ని, నేను చెప్తాను."

ఆవిడ అరచేత్తో మాస్టారి ఎడమ చెంప నిమిరింది. కుడి చెంప నిమిరింది. అంతమందిలో సిగ్గుపడకుండా మళ్ళీ ఒకసారి నిమిరింది. తర్వాత మెడ సాచి ఆఖరి బెంచీ వైపు చూసింది.

"ఆచారిగారూ! మా పెళ్ళిరోజున ఎలా ఉందో అలాగే ఉందండీ!"

ఆచారికి కళ్ళ నీళ్ళు ఆగలేదు. పై కండువాతో తుడుచుకున్నాడు.

విశ్వంభరం భూతద్దంతో రెండు చెంపలూ దూరం నుంచే చూశాడు. గాటు లేదు, గీత లేదు. మనసులో బాధపడుతూనే రిజిస్టరులో నూట పద్దెనిమిదో నంబరు దగ్గర రాశాడు. 'నష్టము లేదు. నష్టము లేనిది వారసత్వ వస్తువు కాజాలదు. కావున జాబితానుండి తొలగించడమైనది.' మాస్టారి మెడలోని నంబరు చీటీ తనే విప్పి జేబులో వేసుకున్నాడు.

దాంతో దేవదానం మాస్టారు మళ్ళీ మామూలు మనిషైపోయి, భార్య చెయ్యి పట్టుకుని మెల్లగా చర్చి మెట్లు దిగాడు.